ఆయాసం బరువు వల్లా, ఆస్తమా వల్లా? రెండూ కలిస్తే ఏమవుతుంది?

బరువు తగ్గించే ఇంజెక్షన్లు, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ, మన దేశంలో అమ్మకానికి వచ్చాక బెంగళూరులో బరువు గురించిన కబుర్ల తీరు మారిపోయింది. అంతకుముందు మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే కీటో, మిల్లెట్లు, పదివేల అడుగులు అనుకునేవారు. ఇప్పుడు ఇంజెక్షన్ ఎంత పడుతుందని అడుగుతున్నారు. దాని వెంటే ఇంకో మాట కూడా తిరుగుతోంది: “బరువు తగ్గితే ఆస్తమా కూడా పోతుందట.” దీనికి ఎదురు వాదన ఎప్పటినుంచో ఉంది. ఆస్తమా వంశంలో వచ్చేది, లావుకీ దానికీ ఏం సంబంధం, కాస్త ఒళ్లున్నవాళ్లు కనిపిస్తే చాలు డాక్టర్లు ప్రతి జబ్బునీ బరువు మీదే తోసేస్తారు అని.

రెండు వైపులా కొంత నిజం ఉంది. అసలు చిక్కు ఏమిటంటే, ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోయాయి. బరువు వల్ల వచ్చే ఆయాసం అచ్చం ఆస్తమాలా కనిపించవచ్చు. లేని ఆస్తమాని బరువు తెచ్చిపెట్టవచ్చు. చిన్నప్పటినుంచీ ఉన్న ఆస్తమాని బరువు ముదరబెట్టవచ్చు. ఒకరికి పనిచేసిన సలహా పక్కింటివాళ్లకి ఎందుకు పనిచేయలేదో తెలియాలంటే ముందు ఈ మూడింటినీ విడదీసుకోవాలి.

ఆస్తమా అంటే ఏది, ఊబకాయం అంటే ఎంత

ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. చుట్టూ ఉన్న కండరం చిన్న కారణానికే బిగుసుకుంటుంది. దుమ్ము, పుప్పొడి, జలుబు, చల్లగాలి, అగరొత్తుల పొగ, ఏదైనా చాలు. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఆయాసం దీని లక్షణాలు. కానీ దీన్ని పట్టించేది లక్షణాల కన్నా వాటి హెచ్చుతగ్గులు. మధ్యాహ్నం బాగానే ఉన్న మనిషి తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటాడు. మందు పీల్చాక నాళాలు తెరుచుకుంటాయి. ఈ మారడం, తెరుచుకోవడం అనేవి కొలిచి చూడదగ్గవి. ఆ సంగతి కాసేపట్లో.

ఊబకాయానికి వాడుకలో ఉన్న కొలత బీఎంఐ. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వస్తుంది. 164 సెం.మీ. ఎత్తు, 78 కిలోల బరువు ఉన్న ఒకావిడ లెక్క చూద్దాం: 1.64ని 1.64తో గుణిస్తే దాదాపు 2.69, 78ని దానితో భాగిస్తే 29. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ గీటు ప్రకారం 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. అంటే ఆవిడది అధిక బరువే. భారతీయుల కోసం 2009లో నిపుణులు కుదుర్చుకున్న గీటు ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే అదే మనిషికి ఊబకాయం ఉన్నట్టే.

మన గీటు అంత కిందికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన ఒక ఫొటో గురించి చెప్పుకోవాలి. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నటి చేతులు, ముందుకొచ్చిన బొజ్జ మన దగ్గర చాలామంది ఒంటి తీరు. అందుకే మన నిపుణులు నడుము కొలత కూడా చూస్తారు: మగవాళ్లకి 90 సెం.మీ., ఆడవాళ్లకి 80 సెం.మీ. దాటకూడదు. ఆస్తమా విషయంలోనూ నడుము కొలతకి సొంత లెక్క ఉంది. కాలిఫోర్నియాలో టీచర్ల మీద చేసిన, 2009లో వెలువడిన అధ్యయనంలో బీఎంఐ మామూలుగానే ఉన్నా నడుము 88 సెం.మీ. దాటిన మహిళల్లో ఆస్తమా ఎక్కువగా కనిపించింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 దాటినవాళ్లు దేశంలో మహిళల్లో 24 శాతం, మగవాళ్లలో 23 శాతం దాకా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఇది 36 శాతం.

బొజ్జ పైకి నెడితే ఊపిరితిత్తుల్లో జరిగేది

ఆస్తమా సంగతి కాసేపు పక్కన పెట్టి బరువు ఒక్కటే శ్వాసని ఏం చేస్తుందో చూద్దాం. ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరపు పొర ఉంటుంది. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగాలి. పొట్టలో కొవ్వు పేరుకుంటే అది దిగడానికి చోటు తగ్గుతుంది. ఛాతీ మీద పేరుకున్న కొవ్వు పక్కటెముకల్ని పైకి లేవనివ్వదు. మామూలుగా గాలి వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలి ఉంటుంది. బరువు పెరిగేకొద్దీ మొదట తగ్గేది ఈ మిగులు గాలే. 2006లో కెనడా పరిశోధకులు కొలిచినప్పుడు, బీఎంఐ 20 ఉన్నవాళ్లతో పోలిస్తే 30 ఉన్నవాళ్లలో మిగులు గాలి 75 శాతమే ఉంది. గట్టిగా ఊదితే అదనంగా బయటికి వచ్చే భాగం అయితే సగానికి కూడా చేరలేదు, 47 శాతం. బీఎంఐ 30 అంటే మరీ భారీ శరీరం కూడా కాదు, మన ఆఫీసు క్యాంటీన్‌లో ప్రతి బల్ల దగ్గరా కనిపించేదే.

మిగులు గాలి తగ్గితే ఏమవుతుంది? చిన్న శ్వాసనాళాలకి సొంత బిగువు తక్కువ. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి కణజాలం షామియానా తాళ్లలా నాలుగు వైపులా లాగి పట్టుకోబట్టే అవి తెరుచుకుని ఉంటాయి. ఊపిరితిత్తి పూర్తిగా సాగకపోతే తాళ్లు వదులై గుడ్డ కిందికి జారుతుంది, నాళం సన్నబడుతుంది. పడుకుంటే బొజ్జ ఇంకా పైకి నెడుతుంది కాబట్టి అప్పుడు మరీ ఇబ్బంది. దీనికి తోడు, బరువున్నవాళ్లు తెలియకుండానే చిన్న చిన్న ఊపిరులు తొందర తొందరగా తీస్తారు. మధ్యమధ్యలో తీసే పెద్ద ఊపిరి శ్వాసనాళాల కండరాన్ని సాగదీసి వదులు చేస్తుంది. ఆ సాగదీత తగ్గిపోతే కండరం పొట్టిగానే, బిగువుగానే ఉండిపోతుంది.

కాబట్టి ఆయాసం నిజమే. పిల్లికూతలు కూడా కొందరిలో వస్తాయి. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ ఊబకాయాన్ని కేవలం బీఎంఐతో కాకుండా అవయవాల పనితీరుతో నిర్వచించాలని చెప్పినప్పుడు, బరువు వల్ల వచ్చే ఆయాసాన్ని కూడా ఆ గుర్తుల్లో చేర్చింది. ఇక్కడిదాకా చెప్పుకున్న దాంట్లో ఆస్తమా లేదు.

ఇద్దరు మనుషులు, ఒకే బరువు, రెండు రిపోర్టులు

కె.ఆర్.పురంలో లిఫ్ట్ లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉండే 46 ఏళ్ల గృహిణి అనుకుందాం. పైన లెక్క వేసిన ఆవిడే, 78 కిలోలు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఛాతీ బరువు. పక్కింటావిడ “ఇది ఆస్తమానే వదినా” అని తన నీలం రంగు ఇన్‌హేలర్, అంటే నాళాలని అప్పటికప్పుడు తెరిచేది, ఇచ్చింది. ఇక రెండో మనిషి బెళ్లందూరులో ఉద్యోగం చేసే 48 ఏళ్ల ఆవిడ. ఎత్తు, బరువు సరిగ్గా అంతే. ఆయాసం కూడా అంతే. ఇంట్లో అందరూ “బరువు తగ్గు, అదే పోతుంది” అంటున్నారు.

ఇద్దరూ స్పైరోమెట్రీ చేయించుకున్నారు. గొట్టంలో గట్టిగా, ఖాళీ అయ్యేదాకా ఊదాలి. ఒక్క సెకనులో బయటికి వచ్చిన గాలిని ఎఫ్‌ఈవీ1 అంటారు. మొత్తం వచ్చింది ఎఫ్‌వీసీ. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే నాళాల్లో అడ్డంకి ఉందో లేదో తెలుస్తుంది. తర్వాత నాళాలు తెరిచే మందు పీల్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదాలి.

మొదటి ఆవిడది ఎఫ్‌ఈవీ1 1.90 లీటర్లు, ఎఫ్‌వీసీ 2.30 లీటర్లు. నిష్పత్తి 0.83, అడ్డంకి లేదు. మందు పీల్చాక 1.95 లీటర్లు వచ్చింది. పెరిగింది 50 మి.లీ., మూడు శాతం కూడా కాదు. రెండూ కొంచెం తక్కువగా ఉన్నాయి, కానీ జంటగా తగ్గాయి. బరువు నొక్కుడు చూపించే తీరు ఇది.

రెండో ఆవిడది ఎఫ్‌ఈవీ1 1.70, ఎఫ్‌వీసీ 2.65. నిష్పత్తి 0.64. గాలి లోపల ఉంది, బయటికి రావడానికి దారి సన్నంగా ఉంది. మందు పీల్చాక 2.02 లీటర్లు వచ్చింది. 320 మి.లీ. పెరిగింది, అంటే దాదాపు 19 శాతం. 12 శాతమూ, 200 మి.లీ.లూ రెండూ దాటితే నాళాలు మందుకి తెరుచుకున్నట్టు లెక్క. బరువు తగ్గడం ఆవిడకీ మంచిదే, కానీ ఆవిడది ఆస్తమా. బరువు తగ్గేదాకా ఆగమనడం నిప్పంటుకున్నాక బావి తవ్వమనడమే.

నిజజీవితంలో కాగితాలు ఇంత శుభ్రంగా రావు. ఆస్తమా ఉన్నవాళ్లకి కూడా బాగున్న రోజున స్పైరోమెట్రీ మామూలుగా వస్తుంది. అప్పుడు రెండు వారాలపాటు ఇంట్లో, ఊదిన గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్‌తో పొద్దునా సాయంత్రం ఊది హెచ్చుతగ్గులు చూస్తారు, లేదా మెథాకోలిన్ అనే మందుతో నాళాలు ఎంత తేలిగ్గా బిగుసుకుంటాయో పెద్ద ఆసుపత్రుల్లో పరీక్షిస్తారు.

ఇంత శ్రమ అవసరమా అంటే, 2008లో వచ్చిన కెనడా అధ్యయనం ఒకటి చూడాలి. ఆస్తమా ఉందని డాక్టర్ చెప్పినవాళ్లని పిలిచి మళ్లీ వరుసగా పరీక్షలు చేశారు. ఊబకాయం ఉన్నవాళ్లలో 31.8 శాతం మందికి, లేనివాళ్లలో 28.7 శాతం మందికి ఆస్తమా లేదని తేలింది. దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. లావుగా ఉన్నవాళ్లకే పొరపాటున ఆస్తమా ముద్ర వేస్తారని అనుకునేవాళ్లకి ఈ అంకెలు అంతగా అనుకూలించవు. తేడా చిన్నది. పరీక్ష లేకుండా చెప్పడం అందరి విషయంలోనూ జరుగుతోంది.

మన దేశంలో అవతలి వైపు ప్రమాదం, అంటే ఉన్న ఆస్తమాని పట్టించుకోకపోవడం, ఇంకా పెద్దది. ప్రపంచంలో ఆస్తమా ఉన్నవాళ్లలో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉంటే, ఆస్తమా మరణాల్లో మన వాటా 42 శాతం పైన. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం, పిల్ల పెళ్లికి అడ్డం వస్తుందన్న టెన్షన్, మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు మింగితే చాలన్న నమ్మకం, ఇవన్నీ అందులో ఉన్నాయి. చేప మందు ఆస్తమాని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా జూన్‌లో క్యూ మాత్రం తగ్గదు.

బరువే కారణమని ఎలా తేల్చారు

లావుగా ఉన్నవాళ్లలో ఆస్తమా ఎక్కువ అన్నంత మాత్రాన లావు దానికి కారణం అయిపోదు. ఆయాసం వల్ల కదలక బరువు పెరిగి ఉండొచ్చు. అందుకని ముందు ఆస్తమా లేనివాళ్లని ఎంచుకుని, ఏళ్ల తరబడి గమనించి, ఎవరికి కొత్తగా వచ్చిందో చూశారు. అలాంటి ఏడు అధ్యయనాలని, మొత్తం 3,33,102 మంది వివరాలని 2007లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. మామూలు బరువు వాళ్లతో పోలిస్తే ఆస్తమా వచ్చే అవకాశం అధిక బరువు వాళ్లలో 1.38 రెట్లు, ఊబకాయం ఉన్నవాళ్లలో 1.92 రెట్లు ఉంది. బరువు మెట్టు పెరిగితే ముప్పు కూడా ఒక మెట్టు పెరిగింది. అమెరికా నర్సుల మీద 1999లో వచ్చిన అధ్యయనంలో బీఎంఐ 30 దాటిన మహిళలకి ఇది 2.7 రెట్లు.

“దాదాపు రెట్టింపు” అనగానే గుండె గుభేలుమంటుంది. అందుకే ఆ మాటని మనుషుల్లోకి మార్చి చూడాలి. లెక్క కోసం, మామూలు బరువున్న వెయ్యిమంది పెద్దవాళ్లలో ఏడాదికి ముగ్గురికి కొత్తగా ఆస్తమా వస్తుందనుకుందాం. ఊబకాయం ఉన్న వెయ్యిమందిలో అది ఆరుగురు దాకా అవుతుంది. మిగతా 994 మందికి రాలేదు. ఒక మనిషి వైపు నుంచి చూస్తే ముప్పు చిన్నది. కోటి దాటిన బెంగళూరు జనాభా వైపు నుంచి చూస్తే ఆ ముగ్గురు అదనం ఆసుపత్రుల ముందు పెద్ద వరుస అవుతుంది. ఈ రెండు చూపుల్నీ కలిపేయడం వల్లే “లావైతే ఆస్తమా ఖాయం” అనేవాళ్లూ, “మా మామయ్య 110 కిలోలు, ఆయనకేం రాలేదు” అనేవాళ్లూ ఒకరినొకరు ఒప్పించలేకపోతున్నారు.

అయినా ఒక అనుమానం మిగులుతుంది. తిండి, పేదరికం, సిగరెట్, పొగ లాంటి మూడో కారణం ఏదో ఇటు బరువునీ అటు ఆస్తమానీ పెంచుతోందేమో. దీన్ని దాటడానికి జన్యువుల దారి పట్టారు. బరువు పెరిగేలా చేసే కొన్ని జన్యు తేడాలు పుట్టుకతోనే నిర్ణయమైపోతాయి. తర్వాత వచ్చే సిగరెట్టూ, దుమ్మూ వాటిని మార్చలేవు. అలాంటి జన్యువులు ఎక్కువున్నవాళ్లలో ఆస్తమా కూడా ఎక్కువుంటే వేలు బరువు వైపే చూపిస్తుంది. యూరప్ ప్రజల సమాచారంతో పిల్లల్లోనూ పెద్దల్లోనూ ఈ లెక్కలు కట్టారు. ఫలితం ఎక్కువగా బరువే కారణం అన్న వైపు వచ్చింది.

అలాగని ఎదురుదారి మూసుకుపోలేదు. పన్నెండు దేశాల్లో ఎనిమిది వేలకి పైగా పెద్దవాళ్లని పదేళ్లు గమనించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, మొదట్లో ఊబకాయం లేని ఆస్తమా రోగుల్లో 10.2 శాతం మంది ఊబకాయులయ్యారు. ఆస్తమా లేనివాళ్లలో 7.7 శాతం. స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. నా అంచనాలో దారి రెండు వైపులా ఉంది, అయితే బరువు నుంచి ఆస్తమాకి వెళ్లే దారే వెడల్పు.

చిన్నప్పుడు వచ్చింది వేరు, నలభై దాటాక వచ్చింది వేరు

ఈ మొత్తం వ్యవహారంలో జనానికి అంతగా తెలియనిదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

బడికి వెళ్లే వయసులో మొదలయ్యే ఆస్తమా చాలావరకు అలర్జీతో ముడిపడింది. రక్తంలో ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ ఎక్కువ, ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువ. ఇలాంటివాళ్లు పెద్దయ్యాక లావైతే జబ్బు మొండికేస్తుంది, ఆసుపత్రి పాలయ్యే సందర్భాలు పెరుగుతాయి. కానీ జబ్బుకి మూలం బరువు కాదు.

నలభై దాటాక, అలర్జీ చరిత్ర ఏమీ లేకుండా, బరువు పెరిగాక మొదలయ్యే ఆస్తమా ఇంకో రకం. ఇది ఆడవాళ్లలో ఎక్కువ. ఇంగ్లండ్‌లోని లెస్టర్ పరిశోధకులు 2008లో ఆస్తమా రోగుల్ని లక్షణాల ఆధారంగా గుంపులుగా విడదీసినప్పుడు ఇలాంటి మహిళలు ఒక ప్రత్యేక గుంపుగా బయటపడ్డారు. కళ్లెలో ఇయోసినోఫిల్స్ తక్కువ, ఇబ్బంది మాత్రం చాలా ఎక్కువ.

ఇక్కడ కొవ్వు చేసే పని బరువు మోపడంతో ఆగదు. కొవ్వు కణజాలం రసాయనాలని తయారుచేస్తుంది. బొజ్జలో పేరుకున్నది వాపుని పెంచే లెప్టిన్, ఐఎల్-6 లాంటివాటిని ఎక్కువగా వదులుతుంది. వాపుని తగ్గించే అడిపోనెక్టిన్ పడిపోతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిశోధకులు చనిపోయినవాళ్ల ఊపిరితిత్తులు 52 పరిశీలించి 2019లో ఇంకో సంగతి చెప్పారు. శ్వాసనాళాల గోడల్లోనే కొవ్వు పేరుకుని ఉంది, బీఎంఐ పెరిగేకొద్దీ అది కూడా ఎక్కువగా ఉంది.

రోజూ వాడే ఇన్‌హేలర్‌లో ఉండే స్టెరాయిడ్ ఇయోసినోఫిల్స్ మీద బాగా పనిచేస్తుంది. వాపు వేరే రకమైతే దాని ప్రభావం తగ్గుతుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో ఇన్‌హేలర్ ఫలితం కాస్త తక్కువగా ఉండటం పలు అధ్యయనాల్లో కనిపించింది. అయితే అందరూ ఇలాగే చెప్పడం లేదు. 2013లో లెస్టర్ వాళ్లే తీవ్రమైన ఆస్తమా ఉన్న ఊబకాయుల శ్వాసనాళాల నుంచి ముక్క తీసి చూస్తే, కళ్లెలో కనిపించని ఇయోసినోఫిల్స్ నాళం గోడ లోపల దండిగా ఉన్నాయి. అంటే కళ్లె పరీక్ష చూసి ఇది అలర్జీ రకం కాదని తేల్చేయడం తొందరపాటు కావచ్చు. అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు తయారుచేసే గీనా, ఫలితం తగ్గినా ఊబకాయం ఉన్నవాళ్లకి కూడా ఇన్‌హేలర్ స్టెరాయిడ్‌నే ప్రధాన చికిత్సగా ఉంచింది. 2019 నుంచి నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితో నెట్టుకురావడం వద్దంటున్నదీ ఆ సంస్థే.

గురక, ఎసిడిటీ, మాత్రలు

బరువున్న ఆస్తమా రోగికి సాధారణంగా ఆస్తమా ఒక్కటే ఉండదు. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉంటే గురక, పగలు నిద్రమత్తు, తెల్లవారుజామున ఉక్కిరిబిక్కిరి. కడుపులో ఆమ్లం పైకి తన్నితే రాత్రి దగ్గు. ఈ రెండూ ఆస్తమా అదుపు తప్పినట్టే అనిపిస్తాయి. దాంతో ఇన్‌హేలర్ డోసు పెంచుతారు, ఫలితం ఉండదు. ఎసిడిటీ మందు ఇచ్చేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. గుండెల్లో మంట లాంటి లక్షణాలు పెద్దగా లేనివాళ్లకి ఎసోమెప్రజోల్ ఇచ్చి చూసిన అమెరికా ట్రయల్‌లో ఆస్తమా ఏమీ మెరుగుపడలేదని 2009లో తేలింది.

స్టెరాయిడ్ భయం గురించి ఒక లెక్క. ఆయాసం బాగా ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకి 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్‌లో ఒక పీల్పుకి వచ్చే బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ సాధారణంగా 100 లేక 200 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులు, ఒకే తూకంలో పెట్టడం పూర్తిగా సరికాదు. పైగా పీల్చింది ఎక్కువగా శ్వాసనాళాల్లోనే పనిచేస్తుంది. ఆకలి పెంచి, మొహం ఉబ్బించి, బరువు పెంచేది మళ్లీ మళ్లీ వాడిన మాత్రలు. లావవుతామని ఇన్‌హేలర్ మానేసి, దాని వల్ల ఏడాదికి మూడుసార్లు మాత్రల దాకా వెళ్లి, ఆ మాత్రలతో లావయ్యేవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు.

“ఊళ్లో ఉన్నప్పుడు లేదు, బెంగళూరొచ్చాకే”

కడప నుంచో, అనంతపురం నుంచో, గుంటూరు నుంచో వచ్చినవాళ్లు చాలామంది చెప్పే మాట ఇది. ఈ నగరానికి ఆస్తమా పేరు పాతదే. పిల్లల ఛాతీ వైద్యులు డాక్టర్ హెచ్.పరమేశ్ తమ దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఆస్తమా 1979లో 9 శాతం ఉంటే 1999కి 29.5 శాతానికి చేరిందని రాశారు. అవి పిల్లల అంకెలు, ఆసుపత్రికి వచ్చినవాళ్లవి. పెద్దవాళ్లకీ, ఊరంతటికీ అదే లెక్క వర్తించదు. ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి, అవుటర్ రింగ్ రోడ్డు మీద దుమ్మూ పొగా, వానాకాలంలో గోడలకి పట్టే బూజు మాత్రం అందరికీ సమానమే.

కానీ ఊరు మారినప్పుడు గాలి ఒక్కటే మారదు. పొలం గట్ల మీద, బజార్లలో తిరిగిన మనిషి పది గంటలు కుర్చీలో, రెండు గంటలు క్యాబ్‌లో కూర్చుంటున్నాడు. రాత్రి పదకొండింటికి డెలివరీ బిర్యానీ. ఐదారేళ్లలో పన్నెండు కిలోలు పెరుగుతాడు. ఆయాసం ఆ మధ్యలో ఎప్పుడో మొదలవుతుంది. గాలి వల్లా, బరువు వల్లా అన్నది ఒక మనిషి జ్ఞాపకంలోంచి తేలదు, ఎందుకంటే రెండూ ఒకేసారి మారాయి.

అయినా చిన్న ఆధారాలు దొరుకుతాయి. సంక్రాంతికి ఊరెళ్లిన ఐదు రోజుల్లో ఆయాసం తేలికైతే అది బరువు తగ్గడం వల్ల అయ్యుండదు, అరిసెల మధ్య ఎవరూ తగ్గరు. అక్కడ ఏదో రెచ్చగొట్టేది తప్పిపోయిందని అర్థం, అది ఆస్తమా వైపు చూపిస్తుంది. భోగి మంట దగ్గర నిలబడగానే మళ్లీ పిల్లికూతలు వచ్చినా అంతే. ఊళ్లోనూ, ఇక్కడా, పండక్కీ, మామూలు రోజునా ఒకే తీరుగా మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంటే అది బరువు వైపు, లేదా గుండె వైపు, రక్తహీనత వైపు చూడాల్సిన ఆయాసం.

బరువు తగ్గితే ఎంత మారుతుంది

ఫిన్లండ్‌లో ఊబకాయం, ఆస్తమా రెండూ ఉన్న 38 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి ఎనిమిది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం పెట్టారు. 2000లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు సగటున 14.5 శాతం బరువు తగ్గారు, రెండో జట్టుతో పోలిస్తే ఊపిరి సామర్థ్యం మెరుగుపడింది. ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి 2013లో ఇంకా ఆశ కలిగించే మాట చెప్పింది. 5 నుంచి 10 శాతం తగ్గినా 58 శాతం మందిలో ఆస్తమా అదుపు మెరుగైంది. తర్వాత 2015లో అమెరికాలో 330 మందితో పెద్ద ట్రయల్ జరిగింది. తిండీ వ్యాయామమూ మార్చుకున్న జట్టు సగటున నాలుగు కిలోలు తగ్గింది. ఆస్తమా అదుపులో మాత్రం రెండో జట్టుకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 10 శాతం, ఆపైన తగ్గినవాళ్లని విడిగా చూస్తేనే మెరుగుదల కనిపించింది.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు అనిపిస్తాయి కానీ, ఎంత తగ్గారన్నది పక్కన పెట్టుకుని చదివితే చాలావరకు కలుస్తాయి. మన 78 కిలోల ఆవిడకి 5 శాతం అంటే 3.9 కిలోలు. 10 శాతం అంటే 7.8 కిలోలు, బీఎంఐ 29 నుంచి 26కి దిగుతుంది. రెండు మూడు కిలోలు తగ్గి ఆస్తమాలో ఏ మార్పూ లేదని నిరాశపడేవాళ్లు పొరబడటం లేదు, అంత తక్కువకి మార్పు రాకపోవడమే మామూలు.

ఎవరికి మారుతుందన్నది రెండో సంగతి. అమెరికాలో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న ఆస్తమా రోగుల్ని ఏడాది తర్వాత పరీక్షించి 2011లో వివరాలు ఇచ్చారు. శ్వాసనాళాల అతిస్పందన, అంటే చిన్న కారణానికే బిగుసుకునే గుణం, తగ్గింది ఐజీఈ తక్కువగా ఉన్నవాళ్లలో, అంటే ఆలస్యంగా మొదలైన రకంలో. అలర్జీ రకంలో ఇబ్బంది తగ్గిందే కానీ నాళాల ఆ స్వభావం అంతగా మారలేదు. చూసింది ఇరవై మూడు మందినే, ఆపరేషన్ దాకా వెళ్లే బరువు అందరిదీ కాదు. అయినా పైన చెప్పిన రెండు రకాల విభజనకి ఇది బలమైన సాక్ష్యం.

ఇంజెక్షన్ల దగ్గరికి వస్తే

వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం, మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో 20 శాతం పైన బరువు తగ్గినట్టు ట్రయల్స్ చెప్పాయి. 10 శాతం గీటుని ఇవి తేలిగ్గా దాటిస్తాయి కాబట్టి ఆస్తమా వైద్యులు వీటిని ఆసక్తిగా చూడటం సహజం. షుగర్, ఆస్తమా రెండూ ఉన్నవాళ్ల రికార్డులు తిరగేసిన 2021 నాటి అమెరికా అధ్యయనంలో, ఈ జాతి మందులు వాడినవాళ్లకి మిగతా షుగర్ మందులు వాడినవాళ్ల కన్నా ఆస్తమా ముదరడం తక్కువగా జరిగింది. ఇది రికార్డుల నుంచి తీసిన లెక్క. ఎవరికి ఏ మందు వెళ్లాలో డాక్టర్లూ, ఇన్సూరెన్సూ నిర్ణయించాయి, లాటరీ వేసి ఇవ్వలేదు. బరువుతో నిమిత్తం లేకుండా మందే నేరుగా వాపుని తగ్గిస్తుందనే పరిశోధకులు ఉన్నారు, అంతా బరువు తగ్గడం మహిమే అనేవాళ్లూ ఉన్నారు.

“ఇంజెక్షన్‌తో ఆస్తమా పోయింది” అని చెప్పేవాళ్లలో కె.ఆర్.పురం ఆవిడలాంటివాళ్లు, అంటే మొదటినుంచీ ఆస్తమా లేనివాళ్లు, ఎంతమందో ఆలోచించాలి. స్పైరోమెట్రీ చేయించని ఆస్తమా పోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇంకో చిక్కు మందు ఆపాక వస్తుంది. సెమాగ్లుటైడ్ ట్రయల్‌లో ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. టిర్జెపటైడ్ ధర మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్‌కి 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములకి 4,375. అది వారానికి ఒకటి. ఆ ఖర్చు భరించలేక మధ్యలో ఆపేసే లోపు, ఊపిరి తేలికైందన్న ధైర్యంతో ఇన్‌హేలర్ కూడా మానేసి ఉంటే రెండు రక్షణలూ ఒకేసారి పోతాయి. గీనా లెక్కలో ఇన్‌హేలర్ డోసు తగ్గించే ఆలోచన, ఆస్తమా రెండు మూడు నెలలు వరుసగా అదుపులో ఉన్నాకే మొదలవుతుంది. అప్పుడు కూడా డోసు మెట్లు మెట్లుగా తగ్గిస్తారే తప్ప, పెద్దవాళ్లలో స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ని పూర్తిగా ఆపేయరు.